ఐదు నిమిషాల ఫాస్ట్ గడియారం

ఎస్‌డీఆర్ రేడియోల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. స్టేషన్ ఉండాల్సిన చోట లేదని ఒకరు, ఉన్నది జరిగిపోతోందని ఒకరు, బొమ్మ వంకరగా వస్తోందని ఇంకొకరు. విడివిడిగా రాస్తే చెప్పిందే చెప్పాల్సి వస్తుందని అన్నీ ఒకచోట పెట్టేశాను.

కొత్తగా చదివేవాళ్లకు ఒక్క ముక్క. ఎస్‌డీఆర్ అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో. పెన్‌డ్రైవ్ అంత డాంగిల్‌ను కంప్యూటర్‌కు గుచ్చి యాంటెన్నా తగిలిస్తే, గాల్లోని సిగ్నల్‌ను అది అంకెలుగా మార్చి లోపలికి పంపుతుంది, మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌దే. టీవీ చూడటానికి తయారైన ఈ డాంగిళ్లను 2012 ప్రాంతంలో హాబీ వాళ్లు పట్టుకుని రేడియోలుగా మార్చేసుకున్నారు. దీని లోపల 28.8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి ఉంటుంది. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కూర్చోవాలన్నా, సెకనుకు ఎన్ని శాంపిళ్లు తీయాలన్నా, దానికి ఆ క్రిస్టలే గడియారం. ఈసారి పేచీ అంతా ఆ గడియారంతోనే.

ప్రశ్న: అన్నా, పోయిన నెల బాగా చవకలో ఒక డాంగిల్ తెప్పించుకున్నా. ఆకాశవాణి రెయిన్‌బో 101.9లో రావాలి కదా, నాకు 101.894 దగ్గర కనబడుతోంది. ఏ స్టేషన్ చూసినా ఇట్లనే కొంచెం కిందికి ఉంటోంది. వాపస్ పంపాల్నా?
— దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు తమ్ముడూ, అది బాగానే ఉంది. మన ఇళ్లలో గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ఫాస్ట్ పెట్టుకుంటాం చూడు, బస్సు తప్పిపోకుండా. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి మనసులోనే ఐదు తీసేసుకుంటారు, చుట్టాలొచ్చినప్పుడు మాత్రం కాస్త కంగారు పడతారు. నీ డాంగిల్ అలాంటి గడియారం, నువ్వు ఇంకా చుట్టానివి.

ఎంత ఫాస్టో చూద్దాం. తేడా 6 కిలోహెర్ట్జ్, అంటే 6000 హెర్ట్జ్. దాన్ని 101.9తో భాగిస్తే దాదాపు 59 వస్తుంది. అంటే నీ క్రిస్టల్ 59 పీపీఎం ఫాస్ట్, పది లక్షల్లో 59 వంతులు. గోడ గడియారంగా పెట్టుకుంటే రోజుకు 5 సెకన్లు ముందుకెళ్తుంది, అంతే. చవక డాంగిళ్లలో 30 నుంచి 100 పీపీఎం దాకా తేడా మామూలే. 1 పీపీఎం అంటే 100 మెగాహెర్ట్జ్ దగ్గర 100 హెర్ట్జ్, 433 దగ్గర 433 హెర్ట్జ్, విమానాలు తామెక్కడున్నాయో చెప్పే 1090 దగ్గర 1090 హెర్ట్జ్. ఈ ఒక్క లెక్క నోటికొస్తే మిగతావన్నీ వేళ్ల మీద చేసుకోవచ్చు.

గడియారం ఫాస్ట్ అయితే స్టేషన్ కిందికి ఎందుకు జరిగింది అని అడుగుతావు. నువ్వు 101.9 అంటే అది నిజానికి 101.906 దగ్గర కూర్చుంటోంది. అక్కడి నుంచి చూస్తే స్టేషన్ 6 కిలోహెర్ట్జ్ దిగువన ఉన్నట్టే కదా. సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీక్వెన్సీ కరెక్షన్ అనో పీపీఎం అనో ఒక గడి ఉంటుంది, అందులో 59 కొట్టు. కొన్ని ప్రోగ్రాములకు ప్లస్ కావాలి, కొన్నింటికి మైనస్, ఈ విషయంలో ఎవడి గోల వాడిది. కొట్టగానే తప్పు సున్నా కాకుండా రెట్టింపైతే గుర్తు మార్చెయ్.

ఒక హెచ్చరిక. ఎఫ్ఎం స్టేషన్ తెర మీద 200 కిలోహెర్ట్జ్ వెడల్పు గుట్టలా ఉంటుంది, నడిమధ్య ఎక్కడో కంటితో పట్టుకోవడం కష్టం. పైగా ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌కు నిబంధనల ప్రకారమే 2 కిలోహెర్ట్జ్ అటూఇటూ ఉండే వెసులుబాటు ఉంది, అదే 20 పీపీఎం అవుతుంది. కాబట్టి నీ 59 మొరటు లెక్క. సన్నని లెక్కకు కింది జవాబు చదువు.

తప్పు కదలకుండా ఒకే చోట ఉంటే 59 అయినా 159 అయినా ఆ గడిలో ఒక అంకెతో పోతుంది, పైసా ఖర్చు లేదు. కదిలే తప్పుకే జేబులో చెయ్యి పెట్టాల్సింది. ఈ సంగతి గుర్తుపెట్టుకో, మిగతా ఉత్తరాల్లో చాలా వాటికి ఇదే తాళంచెవి.

ప్రశ్న: ఆర్‌టీఎల్ టెస్ట్ ప్రోగ్రాంలో పీ ఆప్షన్ పెడితే పీపీఎం అదే చెబుతుందని చదివాను. మొదటిసారి 12 వచ్చింది, తర్వాత 47, ఇంకోసారి 38. ఏది నమ్మాలన్నా?
— హనుమకొండ నుంచి

జవాబు: మూడూ నమ్మొద్దు. అది చేసే పని ఏంటంటే, డాంగిల్ నుంచి వచ్చే శాంపిళ్లను నీ కంప్యూటర్ గడియారం పెట్టి లెక్కపెట్టడం. నీ లాప్‌టాప్ గడియారం మాత్రం సత్యహరిశ్చంద్రుడా? అందులోనూ ఒక చవక క్రిస్టలే ఉంది. అదొకటి. రెండోది, శాంపిళ్లు యూఎస్‌బీ గుండా మూటలు మూటలుగా వస్తాయి, ఒక్కో మూట ఒక మిల్లీసెకను అటూఇటూగా. 10 సెకన్ల కొలతలో 1 మిల్లీసెకను తప్పు అంటే 100 పీపీఎం! అదే 1000 సెకన్లు కొలిస్తే ఆ మిల్లీసెకను 1 పీపీఎంకు దిగిపోతుంది. నువ్వు రెండు నిమిషాలు చూసి ఆపేసి ఉంటావు. ఇంటర్నెట్ టైం సింక్ ఆన్‌లో ఉంచి, అరగంట వదిలేసి, చివరికి వచ్చిన సగటు చూడు. అయినా అది పక్కింటి గడియారం చూసి మన గడియారం దిద్దుకోవడం లాంటిదే.

అంతకన్నా మంచి గడియారం నీ మేడ మీద నుంచి కనబడుతూనే ఉంది. సెల్ టవర్. మొబైల్ ప్రమాణాల ప్రకారం పెద్ద టవర్ ఫ్రీక్వెన్సీ 0.05 పీపీఎం దాటి తప్పకూడదు. లక్షలు పోసి పెట్టిన గడియారం, మనకు ఉచితం. 2జీ టవర్ నడిచినంతసేపూ ఫోన్లు తమ గడియారాలు సరిచేసుకోవడానికని, తన క్యారియర్‌కు (తాను కూర్చునే ఫ్రీక్వెన్సీకి) సరిగ్గా 67.7 కిలోహెర్ట్జ్ పైన ఒక శుద్ధమైన ఈల మాటిమాటికీ వేస్తూ ఉంటుంది. ఫోన్ చేసే పనే మనమూ చేస్తాం. కాలిబ్రేట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, కమాండ్ పేరు కాల్ (kal). దానికి 2జీ నడిచే జీఎస్ఎం 900 బ్యాండ్ వెతకమని చెబితే దొరికిన చానళ్లు వరసగా చూపిస్తుంది. బలంగా ఉన్నది ఒకటి పట్టుకుని మళ్లీ నడిపితే సగటు తప్పు పీపీఎంలో చెబుతుంది. 1800 బ్యాండ్ వెతకొద్దు, డాంగిల్‌లోని ఆర్820టీ ట్యూనర్ చిప్ సుమారు 1766 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. జియోకు 2జీ లేదు కాబట్టి దాని టవర్ ఈ ప్రోగ్రాంకు కనబడదు, ఎయిర్‌టెల్‌దో బీఎస్ఎన్ఎల్‌దో దొరకాలి. 2జీ అస్సలు లేని చోట 4జీ టవర్లను వెతికే ప్రోగ్రాంలు వేరే ఉన్నాయి, 850 బ్యాండ్‌లో జియో కూడా దొరుకుతుంది.

రెండు జాగ్రత్తలు. టవర్ మరీ దగ్గరైతే గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గించు, లేకపోతే డాంగిల్ చెవులు మూసుకుపోయి ఏదేదో చెబుతుంది. ఒక్క టవర్‌తో ఆగకుండా మూడు నాలుగు చూడు. మూడు 37 అని ఒకటి 52 అంటే ఆ ఒక్కదాన్ని పక్కన పెట్టెయ్.

ప్రశ్న: గురువుగారూ, మీరు చెప్పినట్టే టవర్‌తో సరిచేశాను. ఉదయం సరిగ్గా ఉంటోంది, మధ్యాహ్నానికి 2 పీపీఎం తేడా, రాత్రి ఏసీ వేస్తే ఇంకోలా. రోజుకు ఎన్నిసార్లు దిద్దుకోవాలి? టీసీఎక్స్‌వో ఉన్నది కొనేయమంటారా?
— రాజమహేంద్రవరం నుంచి

జవాబు: ఇదీ అసలు జబ్బు. క్రిస్టల్ అంటే సన్నగా కోసిన క్వార్ట్‌జ్ పలక, దాని కంపనం వేడితో మారుతుంది. డాంగిల్ పనిచేస్తుంటేనే లోపల చెయ్యి చురుక్కుమనేంత కాగుతుంది, దానికి గోదావరి జిల్లా మే నెల తోడు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట నా డాంగిల్ టేబుల్ మీద, సరిగ్గా విండో ఏసీ కింద ఉండేది. 430 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక స్థిరమైన క్యారియర్‌ను వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లు గీతలుగా కిందికి జారుతూ కనబడే తెరలో) పెద్దది చేసి పెట్టుకుని అన్నానికి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే నిటారుగా ఉండాల్సిన గీత రంపం పళ్లలా ఉంది. మెల్లగా కుడికి జరగడం, గభాల్న ఎడమకు రావడం, మళ్లీ మెల్లగా కుడికి. సిగ్నల్ పంపేవాడికేదో తిక్క అనుకున్నా. పావుగంట కూర్చుని చూశాక అర్థమైంది, ఏసీ కంప్రెసర్ కటక్‌మని ఆన్ అయినప్పుడల్లా ఒక పన్ను పడుతోంది. ఒక్కో పన్ను 200 హెర్ట్జ్ వెడల్పు. అంటే నేను రేడియో వినడంలేదు, గదిలో థర్మామీటర్ చూస్తున్నాను.

కొనేముందు ఇవి చేయండి. వాడటానికి అరగంట ముందే డాంగిల్‌ను గుచ్చి, ప్రోగ్రాం నడిపి, వేడెక్కనివ్వండి. చాలామంది గుచ్చిన రెండో నిమిషంలో దిద్దేసి తర్వాత తిట్టుకుంటారు. లాప్‌టాప్‌కు నేరుగా కాకుండా యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టండి, లాప్‌టాప్ వేడీ తగలదు, దాని రొదా తగ్గుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో అయినా మీ ఊరి కంప్యూటర్ షాపులో అయినా దొరుకుతుంది, పొట్టిదే తీసుకోండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. చల్లగా ఉంటే మంచిదని కొందరు డాంగిల్‌కే చిన్న ఫ్యాన్ పెడతారు, గాలి హెచ్చుతగ్గులతో పాటే ఫ్రీక్వెన్సీ కూడా ఊగుతుంది. క్రిస్టల్‌కు చల్లదనం అక్కర్లేదు, నిలకడ కావాలి. మందపాటి అల్యూమినియం ముక్కకు ఆనించి స్టీల్ టిఫిన్ డబ్బాలో పెట్టినా ఏసీ పళ్లు చాలావరకు అరిగిపోతాయి. థర్మోకోల్‌తో గట్టిగా మూసేయకండి, లోపల ఉడికిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా మీ పనికి అడ్డం వస్తుంటే అప్పుడు టీసీఎక్స్‌వో. అది వేడిని కనిపెట్టి తనను తానే సర్దుకునే క్రిస్టల్, దాంతో వచ్చే డాంగిళ్లకు 1 పీపీఎం, 0.5 పీపీఎం అని రాస్తారు. పాతదాన్ని ఊడదీసి టీసీఎక్స్‌వో అతికిస్తానని కొందరు రాశారు. చేయి తిరిగినవాళ్లు సరదాకు చేసుకోవచ్చు గాని, ఆ కష్టంతో పోలిస్తే కొత్తది కొనడమే చవక.

అసలు మీరేం వింటారో రాయలేదు. విమానాల 1090 సిగ్నల్ 2 మెగాహెర్ట్జ్ వెడల్పు, అక్కడ 50 పీపీఎం తప్పున్నా విమానాలు కనబడతాయి. 433లో వాతావరణ సెన్సర్లు కూడా ఈ తేడా పట్టించుకోవు. సన్నని సిగ్నళ్లకు, అంటే సైడ్‌బ్యాండ్ మాటలకు, మోర్స్‌కు, బలహీనమైన డిజిటల్ మోడ్‌లకు మాత్రం తేడా తెలుస్తుంది. మొదటి రకం వినేవాళ్లయితే ఈ టెన్షన్ మీకు అనవసరం.

ప్రశ్న: సార్, నేను బీటెక్ రెండో సంవత్సరం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 145.800లో బొమ్మలు పంపినప్పుడు ఒకటి పట్టుకున్నాను, చాలా ఆనందమేసింది. కానీ బొమ్మ మొత్తం ఒక పక్కకు ఒరిగిపోయింది. నాది టీసీఎక్స్‌వో డాంగిలే. మరి ఇదెందుకు?
— తిరుపతి నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ముందు అభినందనలమ్మా, మొదటి ప్రయత్నంలో బొమ్మ రావడమే గొప్ప. నీ డాంగిల్ నిర్దోషి. తప్పు ఇంకో గడియారానిది, దాని గురించి ఎవరూ ఆలోచించరు.

నీ బొమ్మ పీడీ120 అనే పద్ధతిలో, అంటే బొమ్మను ధ్వనిగా మార్చి పంపే పద్ధతిలో వచ్చింది అనుకుంటాను, అంతరిక్ష కేంద్రం ఎక్కువగా వాడేది అదే. 640 చుక్కల వెడల్పు, మొత్తం 126 సెకన్లు పడుతుంది, ఒక్కో చుక్కకు 0.19 మిల్లీసెకను. పంపేవాళ్ల గడియారం, నీ ధ్వనిని రికార్డు చేసిన గడియారం ఒకే వేగంతో నడిస్తేనే గీతల మీద గీతలు నిటారుగా పడతాయి. తేడా 100 పీపీఎం ఉందనుకో, 126 సెకన్లకు 12.6 మిల్లీసెకన్లు పోగవుతుంది, అంటే 66 చుక్కలు. బొమ్మ వెడల్పులో పదో వంతు పక్కకు ఒరిగినట్టు. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేశావా? లేదా ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి వర్చువల్ కేబుల్‌తో పంపావా? అలా చేస్తే ఫోన్ గడియారమో, పీసీ సౌండ్ గడియారమో మధ్యలో దూరిపోతుంది. వర్చువల్ కేబుల్‌లో అయితే రెండు గడియారాలు పొసగక అప్పుడప్పుడు కొన్ని శాంపిళ్లు జారిపోతాయి కూడా, అప్పుడు బొమ్మ ఒరగడంతో పాటు మధ్యలో మెట్టు మెట్టుగా తెగుతుంది.

ఈసారి ఎస్‌డీఆర్ ప్రోగ్రాంలోనే ఫైలుగా రికార్డు చేసి, ఆ ఫైలును డీకోడర్‌కు ఇవ్వు. ఆ ఫైలులో కాలం మొత్తం డాంగిల్ క్రిస్టల్ లెక్కే కాబట్టి నీ టీసీఎక్స్‌వో అప్పుడు పనికొస్తుంది. ఇప్పుడున్న బొమ్మను పారేయకు, డీకోడర్లలో స్లాంట్ సరిచేసే బటన్ ఉంటుంది, రికార్డింగ్ ఉంటే మళ్లీ నడుపు.

ప్రశ్న: ఎఫ్‌టీ8 (హాబీ రేడియోవాళ్లు పొట్టి సందేశాలు పంపుకునే డిజిటల్ పద్ధతి) వినాలని చూస్తున్నాను. వాటర్‌ఫాల్‌లో సిగ్నళ్లు నిండుగా ఉన్నాయి, ఒక్కటీ డీకోడ్ కావడంలేదు. పీపీఎం సరిచేశాను కూడా.
— కర్నూలు నుంచి

జవాబు: లాప్‌టాప్‌లో టైం చూడండి. ఎఫ్‌టీ8లో అందరూ 15 సెకన్ల వంతుల్లో మాట్లాడతారు, మీ టైం ఒకటి రెండు సెకన్లకు మించి తప్పితే మీరు తలుపు తీసేసరికి మాట అయిపోయి ఉంటుంది. ఇక్కడ పీపీఎంతో పని లేదు, మామూలు గంటా నిమిషం సెకను గడియారం. ఇంటర్నెట్ టైం సింక్ నొక్కితే చాలు. మన ప్రామాణిక కాలాన్ని చూసుకునే న్యూఢిల్లీ ఎన్‌పీఎల్ కూడా ఇందుకోసం టైం సర్వర్ నడుపుతుంది. నూటికి తొంభై మందికి ఇదే జబ్బు, మిగతా పదిమందీ లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి తేదీ కూడా తప్పినవాళ్లు.

ప్రశ్న: మాస్టారూ, క్యూవో-100 ఉపగ్రహం వినడానికి పాత డిష్, పీఎల్ఎల్ ఎల్ఎన్‌బీ పెట్టాను. డాంగిల్ 0.5 పీపీఎం. అయినా మధ్యాహ్నం విన్న స్టేషన్ రాత్రికి ముప్పై కిలోహెర్ట్జ్ అవతల ఉంటోంది. ఇంకా మంచి డాంగిల్ కొనాలా?
— గుంటూరు నుంచి

జవాబు: కొనకండి బాబూ, ఇప్పుడున్నదే మీ పనికి ఎక్కువ. దొంగ మేడ మీద ఉంటే మీరు కింద తలుపుకు తాళాలు మారుస్తున్నారు.

తెలియనివాళ్లకు: క్యూవో-100 అంటే ఖతార్ ఉపగ్రహం ఎస్‌హెయిల్-2 మీద ఉన్న హామ్ (హాబీ) రేడియో ట్రాన్స్‌పాండర్, అంటే అందిన సిగ్నల్‌ను మళ్లీ కిందికి పంపే పెట్టె, 2018 నవంబరులో ఎగిరింది, 26 డిగ్రీల తూర్పు దగ్గర కదలకుండా ఉంటుంది. మన వైపు నుంచి చూస్తే పడమటి ఆకాశంలో, హైదరాబాద్‌లో అయితే సుమారు 28 డిగ్రీల ఎత్తులో. అడ్డంగా కొబ్బరిచెట్లు లేకపోతే చాలు.

అది 10489 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పంపుతుంది. అంత పైది డాంగిల్‌కు అందదు కాబట్టి డిష్ ముందున్న ఎల్ఎన్‌బీ అందులోంచి 9750 తీసేసి 739 దగ్గరకు దించి పంపుతుంది. ఆ 9750 ఎక్కడి నుంచి వచ్చింది? ఎల్ఎన్‌బీ లోపలి 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను 390తో హెచ్చవేస్తే వచ్చింది. అక్కడ 1 పీపీఎం తప్పితే 9.75 కిలోహెర్ట్జ్. ముప్పై కిలోహెర్ట్జ్ అంటే 3 పీపీఎం. నడి ఎండలో మేడ మీద కాలి, రాత్రి చల్లబడే ప్లాస్టిక్ డబ్బాలోని చవక క్రిస్టల్‌కు అది గౌరవప్రదమైన పనితనమే. ఇక మీ డాంగిల్ వంతు తప్పు 739 దగ్గర 0.5 పీపీఎం, అంటే 370 హెర్ట్జ్. ముప్పై వేలల్లో అదెంత?

ఖర్చు లేని దారి ఉంది. ఆ ఉపగ్రహం 10489.750 దగ్గర ఎప్పుడూ ఒక బీకన్ (గుర్తు సిగ్నల్) పంపుతుంది, దాని స్థానం కచ్చితం. ఎస్‌డీఆర్ కన్సోల్ లాంటి ప్రోగ్రాంలకు ఆ బీకన్‌ను చూపిస్తే దాన్ని వదలకుండా పట్టుకుని, ఎల్ఎన్‌బీ ఎంత జరిగితే తెరను అంత జరుపుతూ ఉంటాయి. గడియారం తప్పుతూనే ఉంటుంది, మీకు తెలియదు, అంతే. తిరిగి మాట్లాడాలనుకునే లైసెన్స్ ఉన్న మిత్రులు ఎల్ఎన్‌బీలో క్రిస్టల్ తీసేసి కింద నుంచి కేబుల్‌లో జీపీఎస్‌తో దిద్దిన 25 మెగాహెర్ట్జ్ పంపుతారు. వినడానికి ఆ తంటా అక్కర్లేదు.

ప్రశ్న: నమస్తే అండీ. మాది తణుకు, ఉద్యోగరీత్యా డాలస్‌లో ఉంటున్నాను. హ్యాక్‌ఆర్ఎఫ్ అనే ఎస్‌డీఆర్ ఉంది, దాని క్లాక్ ఇన్ సాకెట్‌లో 10 మెగాహెర్ట్జ్ ఇవ్వవచ్చట. నా దగ్గర యూబ్లాక్స్ ఎం8 జీపీఎస్ మాడ్యూల్ ఉంది, దాని టైంపల్స్ కాలును (పిన్నును) 10 మెగాహెర్ట్జ్‌కు సెట్ చేసి నేరుగా ఇచ్చేస్తే పోదా? జీపీఎస్‌డీవో అని అన్ని డాలర్లు ఎందుకు?
— డాలస్ నుంచి

జవాబు: ఈ ఆలోచన అందరికీ వస్తుంది, నేనూ చేశాను, వాటర్‌ఫాల్ చూసి నోరు మూసుకున్నాను. సగటున చూస్తే ఆ 10 మెగాహెర్ట్జ్ అద్భుతం. క్షణక్షణం చూస్తే కల్లు తాగి నడిచినట్టు ఉంటుంది. మాడ్యూల్ లోపలి గడియారం 48 మెగాహెర్ట్జ్. 48ని 10తో భాగిస్తే 4.8. 4.8 అడుగులు వేయలేం కదా, కాసేపు 4, ఎక్కువసార్లు 5 లెక్కపెట్టి సగటు సరిచేస్తుంది. ఆ తొట్రుపాటు వల్ల ప్రతి సిగ్నల్ చుట్టూ నకిలీ గీతలు మొలుస్తాయి. 8 మెగాహెర్ట్జ్ అడిగితే 48ని 6తో శుభ్రంగా భాగించి ఇస్తుంది, కానీ మీ సాకెట్‌కు కావాల్సింది 10. జీపీఎస్‌డీవోలో ఈ పని ఇద్దరు చేస్తారు. లోపల మంచి క్రిస్టల్ క్షణక్షణం నున్నగా నడుస్తుంది, జీపీఎస్ దాని భుజం మీద చెయ్యి వేసి నిమిషాల మీద మెల్లగా దారిలో పెడుతుంది. ఆ రెండో మనిషికే మీరిచ్చే డాలర్లు. కొన్నాక కూడా సాకెట్‌కు ఇచ్చేది 3.3 వోల్టులు దాటని చదరపు అల అయ్యేలా చూసుకోండి.

అయితే ఆ మాడ్యూల్‌ను మూలన పెట్టకండి. దాన్ని మళ్లీ సెకనుకు ఒక్క పల్స్ ఇచ్చేలా మార్చండి. ఆ పల్స్ నిజమైన సెకనుకు కొన్ని పదుల నానోసెకన్లలోపే ఉంటుంది. హ్యాక్‌ఆర్ఎఫ్‌ను సెకనుకు 80 లక్షల శాంపిళ్లకు పెట్టి, పల్స్ కాలి నుంచి ఒక చిన్న వైరు యాంటెన్నా దగ్గర వదిలేయండి. దగ్గర మాత్రమే సుమా, యాంటెన్నా సాకెట్‌లో గుచ్చితే హ్యాక్‌ఆర్ఎఫ్ ముందు చిప్ పోతుంది. దాని ఇన్‌పుట్ తట్టుకునేది మైనస్ 5 డీబీఎం వరకే. రికార్డింగ్‌లో సెకనుకొకసారి టిక్ టిక్‌మని కనబడుతుంది. ఒక టిక్కు నుంచి మరుసటి టిక్కుకు ఎన్ని శాంపిళ్లో లెక్కపెట్టండి. సరిగ్గా 80,00,000 ఉండాలి. 80,00,160 వస్తే మీ గడియారం 20 పీపీఎం ఫాస్ట్. 100 సెకన్ల టిక్కుల మీద లెక్కపెడితే ఒక్క శాంపిల్ తేడా కూడా 0.00125 పీపీఎం చెబుతుంది. టవర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మధ్యలో ఎక్కడైనా లెక్కలో ఒక్కసారిగా వేల శాంపిళ్లు తగ్గిపోతే అది గడియారం తప్పు కాదు, యూఎస్‌బీలో శాంపిళ్లు జారిపోయాయి, ఆ ముక్క వదిలేయండి.

మీరున్న చోట ఇంకో సదుపాయం ఉంది, కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి డబ్ల్యూడబ్ల్యూవీ 10 మెగాహెర్ట్జ్‌లో ప్రామాణిక ఫ్రీక్వెన్సీనే ప్రసారం చేస్తుంది. సరిచూసుకోవడానికి బాగుంటుంది గాని, ఆకాశంలో పొరలు పైకీ కిందికీ కదులుతుంటాయి కాబట్టి ఒక హెర్ట్జ్ దాకా ఊగొచ్చు, 10 మెగాహెర్ట్జ్ దగ్గర అది 0.1 పీపీఎం.

మన ఊరి మాట వచ్చింది కాబట్టి ఒకటి. జీపీఎస్ లాంటి మన నావిక్ మొదటి తరం ఉపగ్రహాల్లో కొన్నింటి అణు గడియారాలు మొరాయించాయి. తర్వాత 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో ఇక్కడే తయారు చేసిన రుబీడియం గడియారం పెట్టారు. మీరు సెలవులకు వచ్చినప్పుడు తణుకు మేడ మీద నుంచి దాని సిగ్నల్ కోసం కూడా చూడొచ్చు.

ప్రశ్న: సార్, మాది కడప, పుణెలో చదువుతున్నాను. ఇక్కడి పెద్ద రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీ చూసొచ్చాక పిచ్చి పట్టి హైడ్రోజన్ లైన్ (ఆకాశంలోని హైడ్రోజన్ వాయువు పంపే సిగ్నల్) కోసం సొంతంగా యాంటెన్నా కట్టాను. 1420.4 దగ్గర శిఖరం వచ్చింది. కానీ మొదటిసారి తీసినదానికి, ఇప్పుడు తీసినదానికి ఆకాశంలో అదే చోట సెకనుకు 40 కిలోమీటర్లు తేడా చూపిస్తోంది. గడియారం నమ్మకం లేక సెకండ్ హ్యాండ్ రుబీడియం గడియారం ఒకటి చూసి పెట్టుకున్నాను. తీసుకోమంటారా? డాంగిల్ 1 పీపీఎంది. గ్రాఫులు జత చేశాను.
— పుణె నుంచి

జవాబు: ఆగు తమ్ముడూ, ముందు లెక్క. దగ్గరికొచ్చేదాని ఫ్రీక్వెన్సీ పెరిగినట్టు, దూరం పోయేదానిది తగ్గినట్టు కనబడుతుంది కాబట్టి, ఇక్కడ పీపీఎంను వేగం లెక్కలోకి మార్చడం మహా సులువు, కాంతివేగంలో పది లక్షల వంతు తీసుకుంటే చాలు, 1 పీపీఎం అంటే సెకనుకు 0.3 కిలోమీటరు. నీ డాంగిల్ తన మాట నిలబెట్టుకుంటే దాని వల్ల వచ్చే తప్పు అంతే. 40 కిలోమీటర్లు రావాలంటే 133 పీపీఎం తప్పాలి, తెర మీద శిఖరం 190 కిలోహెర్ట్జ్ జరగాలి. డాంగిల్‌ను పొయ్యి మీద పెట్టినా అంత కదలదు.

కదిలింది నువ్వు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. ఒక కాలంలో నువ్వు చూస్తున్న వైపు పరిగెడుతూ ఉంటావు, ఆరు నెలలకు దాని నుంచి దూరంగా. దిక్కును బట్టి ఈ రెండింటి తేడా 60 దాకా పోతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల అర కిలోమీటరు కూడా రాదు, దాన్ని వదిలేసినా పర్వాలేదు. ఇవి పోను సూర్యుడే ఇరుగుపొరుగు నక్షత్రాల మధ్య సెకనుకు సుమారు 20 కిలోమీటర్లు నడుస్తున్నాడు. ఇవన్నీ తీసేసి చూపే వేగాన్నే ఖగోళంవాళ్లు ఎల్ఎస్ఆర్ వేగం అంటారు. ఆ సవరణ చేయకుండా రుబీడియం పెడితే, తప్పు జవాబు పది దశాంశ స్థానాల దాకా కచ్చితంగా వస్తుంది. పైగా ఆ పాత రుబీడియం పెట్టెలు వేడెక్కేటప్పుడు పాతిక వాట్ల దాకా లాగుతాయి, హాస్టల్ గదిలో వార్డెన్‌కు ఏం చెబుతావు?

సవరణ లెక్క నేనే చేసి చూపిద్దామనుకున్నాను. నువ్వు పంపిన రెండు గ్రాఫుల మీదా ఫ్రీక్వెన్సీ ఉంది, గెయిన్ ఉంది, నీ పేరు కూడా స్టైల్‌గా ఉంది. తేదీ లేదు, టైం లేదు. అవి రాసి మళ్లీ పంపు.